నా పేరు మీద మందులు

జనవరి 9, గురువారం

కంప్యూటర్లు వచ్చాయి. ఒకటి నా గదిలో, ఇంకొకటి మెర్లిన్ కూర్చుని చీటీలు రాసే కిటికీ దగ్గర. రాజధాని రోసో నుంచి వచ్చినాయన వైర్లు బిగించి, ఎలా వాడాలో గబగబా చెప్పేసి మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయాడు. చెప్పిందాంట్లో సగం మెర్లిన్‌కి అర్థమైంది, మిగతా సగం నాకు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి.

నాకు సంతోషంగానే ఉంది. సెప్టెంబరు తుఫానుకి మా ఆసుపత్రి కప్పు ఎగిరిపోయాక, కేసు షీట్లన్నీ పెరట్లో తీగల మీద బట్టల క్లిప్పులు పెట్టి ఆరేశాం. పేర్లు కారిపోయాయి. కాన్పుల కాగితాలు ముద్దలైపోయాయి. ఎవరికి పెన్సిలిన్ పడదో, ఏ పిల్లకి ఏ టీకా వేశామో మళ్ళీ ఇంటింటికీ వెళ్ళి అడగాల్సి వచ్చింది. అడిగితే ఎవరికి గుర్తుంది గనక! ఇంక ఏ గాలి వచ్చినా మా ఊరి జబ్బులు రోసోలో భద్రంగా ఉంటాయి.

పచ్చ బీరువా మాత్రం తడవలేదు. ఇనుముది కదా. దాని తాళంచెవి నా మెడలోనే ఉంది, మేరీమాత పతకం పక్కన.

జనవరి 16, గురువారం

గురువారం బీపీ రోజు. ఊరికి తెలిసింది అంతే. పచ్చ బీరువా వాళ్ళు కూడా ఆ గుంపులోనే కలిసి వస్తారు. బీపీ చూపించుకుని, నా గదిలోకొచ్చి తలుపేసుకుని, హెచ్ఐవి మాత్రలు తీసుకుని, బీపీ మాత్రల సంచిలోనే వేసుకుని వెళ్ళిపోతారు. ఏళ్ళ తరబడి ఇలాగే. నాకు తప్ప ఎవరికీ తెలీదు.

ఫిల్‌బర్ట్ ఎప్పటిలాగే అందరికన్నా చివర్న వచ్చాడు. వరండాలో జనం ముందు, "నర్సమ్మగారూ, ఈ ముసలాడి నెత్తురు ఏమంటుందో కాస్త చూస్తారా?" అన్నాడు. నాకంటే రెండు నెలలు చిన్న. బడిలో నా వెనక బెంచీ. తలుపు వేశాక మళ్ళీ "ఆంథియా" అయిపోతాను.

కంప్యూటర్ చుట్టూ తిరిగి చూశాడు.

"ఇదేనా కొత్త బీరువా?"

"ఇదే."

"తాళం ఏదీ?"

"తాళం ఉండదు. పాస్‌వర్డ్ ఉంటుంది. నా బుర్రలో."

"నీ బుర్రలోనా! మొన్న చర్చిలో గొడుగు మర్చిపోయి తడుస్తూ ఇంటికెళ్ళింది ఎవరో?"

తర్వాత నవ్వడం మానేశాడు. "నాకు కాగితమే బాగుంది. అది చూడాలంటే నీ మెడలో గొలుసు మీద చెయ్యి వెయ్యాలి. ఈ ఊళ్ళో ఎవడికీ అంత ధైర్యం లేదు."

నేను చాలా చెప్పాను. పోయినేడు అతన్ని, అతను అకార్డియన్ వాయించే బ్యాండు వాళ్ళు మంచంతో సహా మోసుకొచ్చినప్పుడు ఎముకల గూడు. ఇప్పటికీ నెత్తురులో బలం అంతంత మాత్రమే. రోసోలో ఎక్కడైనా పడిపోతే ఏ మాత్రలు మింగుతున్నాడో డాక్టర్లకి ఎవరు చెప్తారు? "నేను చూస్తాను, డాక్టర్ యానియెల్ చూస్తాడు, రోసోలో పెద్ద డాక్టర్లు చూస్తారు. ఇంకెవరూ చూడరు. నా మీద నమ్మకం లేదా?"

"ఉంది కాబట్టే ఎక్కించు," అన్నాడు.

ఎక్కించాను. అందరికంటే ముందు అతనిదే.

జనవరి 30, గురువారం

వరండా కిటకిట. మెషీన్ నత్తలా నడుస్తుంది. నేను లాగిన్ అవ్వాలి, బయటికి రావాలి, మళ్ళీ అవ్వాలి. మెర్లిన్ పాస్‌వర్డ్‌తో కొంచెమే కనిపిస్తుంది, మందుల పేజీ తెరుచుకోదు. ప్రతి మనిషికీ నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాలంటే మోకాళ్ళు ఊరుకోవు. నా పాస్‌వర్డ్ ఆమెకే ఇచ్చేశాను. పదకొండుకల్లా వరండా ఖాళీ. మెర్లిన్ మంచి పిల్ల, చురుకు.

అన్ని ఊళ్ళలోనూ ఇలాగే చేస్తున్నారట.

ఫిబ్రవరి 13, గురువారం

పచ్చ బీరువా ఖాళీ చేశాం. కాగితాలు తగలబెట్టాను. మెర్లిన్ అందులో చీపుళ్ళు, బ్లీచింగ్ డబ్బాలు సర్దింది. మెడ తేలిగ్గా ఉంది. అప్పుడప్పుడూ చెయ్యి అటు పోతుంది.

మార్చి 3, సోమవారం

మెర్లిన్ కూతురు జోవెల్ వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. రెండు చేతులూ ఎర్రగా పొక్కి, వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయింది.

"దేంతో కడిగావే?"

"నేను కాదు. అమ్మే. శనివారం అకార్డియన్ క్లాసు నుంచి రాగానే బ్లీచింగ్‌తో కడిగింది. మళ్ళీ మళ్ళీ కడిగింది."

శనివారాలు ఫిల్‌బర్ట్ దగ్గర వాయించడం నేర్చుకుంటుంది. అతని పాత అకార్డియన్ ఈ పిల్ల కన్నా పెద్దది. ఆయింట్‌మెంట్ రాసి గుడ్డ చుట్టాను.

మెర్లిన్‌కి శుభ్రం ఎక్కువ.

మార్చి 8, శనివారం

ఊళ్ళో లెస్లిన్ పెళ్ళి. ఫిల్‌బర్ట్ లేకుండా బ్యాండు. అకార్డియన్‌కి పక్క ఊరి కుర్రాణ్ణి పెట్టారు. గాలిపెట్టె అంతా ఊపిరాడనట్టు ఈడ్చాడు. ఈ ఊళ్ళో పెళ్ళి అంటే ఫిల్‌బర్ట్ వాయించాల్సిందే, నా పెళ్ళికి కూడా అతనే వాయించాడు.

కొట్టు నడిపే యుడోక్సీ పెద్దమ్మని అడిగాను. మెర్లిన్ వాళ్ళమ్మ. ఊళ్ళో ఆవిడకి తెలియనిది ఉండదు.

"చెయ్యి బెణికిందట," అంది, నా మొహం చూడకుండా.

బెణికే ఉంటుంది. కప్పుల మీదెక్కి రేకులు కొట్టేవాడు కదా.

మార్చి 13, గురువారం

ఫిల్‌బర్ట్ రాలేదు.

మార్చి 20, గురువారం

రాలేదు. ఇంటికి తాళం. పక్క ద్వీపం గ్వాడెలూప్ వెళ్ళాడట, పెద్దమ్మ చెప్పింది. అక్కడ కప్పుల పనికి మంచి డబ్బు. నాకు చెప్పకుండా వెళ్ళడమేమిటి అనుకున్నాను, కానీ తొందరలో వెళ్ళుంటాడు. ఫ్రెంచి వాళ్ళ ఆసుపత్రులు మనకంటే మేలు, మాత్రలు అక్కడే ఇస్తారు.

ఏప్రిల్ 10, గురువారం

పచ్చ బీరువా వాళ్ళలో ఇంకో ఇద్దరు మానేశారు. యామ్ దుంపలు పాతే రోజులు, పనుల్లో ఉంటారు.

నా గది కిటికీలోంచి కొండ మీద పొగ కనిపిస్తోంది, ఫిల్‌బర్ట్ వాళ్ళ తోట వైపు. ఎవరో బొగ్గులు కాలుస్తున్నారు.

ఏప్రిల్ 20, ఈస్టర్

పొగ ఇవాళ కూడా. పండగ పూట కూడా బొగ్గులేమిటో.

ఏప్రిల్ 29, మంగళవారం

గ్వాడెలూప్‌లో వానలట.

మే 14, బుధవారం

కొట్లో ఉప్పుచేప కొంటున్నాను. వెనక ఇద్దరు ఆడవాళ్ళు. పెద్దమ్మ నాతో గొంతు తగ్గించి, తగ్గించినట్టే అందరికీ వినిపించేలా అంది: "పాపం, నీ తప్పేం లేదులే నర్సమ్మా. ఆ కంప్యూటర్ రాబట్టి బయటపడింది. లేకపోతే మా మనవరాలు ఇంకా వాడి పక్కనే కూర్చునేది."

ఉప్పుచేప అక్కడే వదిలేసి వచ్చాను.

మే 15, గురువారం

మెర్లిన్‌ని మందుల గదిలోకి పిలిచి తలుపేశాను.

"ఫిల్‌బర్ట్ పేజీ తెరిచావా?"

అబద్ధం ఆడలేదు. చేతిలో దూది చుట్ట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "క్లాసు ఉందో లేదో కనుక్కుందామని ఫోన్ నంబరు కోసం తెరిచాను సిస్టర్. అది పైనే ఉంది. ఎర్ర అక్షరాల్లో."

"పక్కన కూర్చుంటే అంటుకోదని నీకు తెలీదా? ఆ పోస్టరు గోడకి అంటించింది నువ్వే."

"తెలుసు. తెలిసే పిల్ల చేతులు కడిగాను. కడుగుతూ ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావే అని అమ్మ అడిగింది. అమ్మకొక్కదానికే చెప్పాను."

"మీ అమ్మకి చెప్తే మైకు పెట్టి చాటినట్టు కాదా?"

అప్పుడు తలెత్తింది. "నా పాస్‌వర్డ్‌తో అయితే ఆ పేజీ తెరుచుకోదు సిస్టర్. మీది మీరే ఇచ్చారు. నేను అడగలేదు."

అడగలేదు.

మే 16, శుక్రవారం

వాన. పాస్‌వర్డ్ మార్చాను.

మే 18, ఆదివారం

పూజ అయ్యాక చర్చి బూట్లతోనే కొండ ఎక్కాను. రెండుసార్లు జారిపడ్డాను. దారి పొడవునా, అక్కడ ఎవరో బొగ్గులవాడు ఉంటాడు, ఎవరో ఉంటారు, అనుకుంటూనే ఎక్కాను.

తోట చివర తుఫానులో ఎగిరొచ్చిన రేకులతో వేసిన గుడిసె. గుమ్మంలో కూర్చుని దుంప చెక్కు తీస్తున్నాడు. చొక్కా వేరే మనిషిదిలా ఉంది.

నా నోట్లోంచి ఏమొచ్చిందంటే, "గ్వాడెలూప్ ఎలా ఉంది?"

"వానలెక్కువ," అన్నాడు.

ఇద్దరం నవ్వాం. నవ్వితే దగ్గొచ్చింది అతనికి. చాలాసేపు దగ్గాడు.

"ఇన్నాళ్ళు పట్టిందా నీకు?"

"గ్వాడెలూప్‌లో ఉన్నావనుకున్నా."

"పొగ కనబడలేదూ? నీ కిటికీకి కనిపించాలనే పొయ్యి ఈ చివరకి తెచ్చి పెట్టుకున్నాను."

కనబడిందని చెప్పలేదు. కనబడలేదని కూడా చెప్పలేదు.

కిందికి రమ్మన్నాను. రానన్నాడు. లెస్లిన్ పెళ్ళి ముందు బ్యాండు వాళ్ళు వచ్చి, ఈ ఒక్కసారికీ ఏమీ అనుకోకు అన్నారట. కొట్లో పెద్దమ్మ చిల్లర చేతికివ్వకుండా బల్ల మీద పెట్టిందట. "అవన్నీ పోనీ. జోవెల్ నన్ను వీధిలో చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది. నన్ను చూసి సిగ్గుపడి కాదు, నా వల్ల పొక్కిన చేతులు నాకు కనబడకూడదని. అది చూశాక ఊళ్ళో ఉండబుద్ధి కాలేదు."

"సరే, రావద్దు. మాత్రలు నేనే తెస్తాను."

"నా పేరు మీద తేకు. రోసో ఆసుపత్రిలో మా తమ్ముడి కోడలు చీటీలు రాస్తుంది. నువ్వు ఇక్కడ నొక్కింది అక్కడ కనిపిస్తుందా, కనిపించదా?"

ఈసారి నిజమే చెప్పాను. "కనిపించొచ్చు."

"అయితే నా పేరు తీసెయ్యి. తీసేశాక తీసుకురా, మింగుతాను."

"పేరు లేకుండా మాత్రల సీసా బయటికి రాదు ఫిల్‌బర్ట్. ప్రతిదానికీ ఒక మనిషి చూపించాలి. లేని మనిషిని ఒప్పుకోదు."

"నీ చేతిలో కాగితాలున్నప్పుడు ఎంచక్కా ఉండేది," అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే బావుండేది.

మే 20, మంగళవారం

రోసోకి ఫోన్ చేశాను. ఒకసారి ఎక్కిన మనిషిని తీసేయడం కుదరదట. చనిపోయినా తీసేయరట. "ఎందుకు తీసేయాలి మేడమ్? పేషెంటు మంచికేగా," అంది ఆ అమ్మాయి. మర్యాదగానే మాట్లాడింది. నేను జనవరిలో మాట్లాడినట్టే.

జూన్ 5, గురువారం

కంప్యూటర్లో నా పేరు కొట్టాను. ఆంథియా డారూ, ఆడ, పుట్టిన తేదీ, ఊరు. హెచ్ఐవి పరీక్ష ఫలితం అన్నచోట 'ఉంది' నొక్కాను. ఖాయమేనా అని మెషీన్ మళ్ళీ అడిగింది.

ఖాయమే.

జూన్ 10, మంగళవారం

డాక్టర్ యానియెల్ నెలకొకసారి వచ్చే రోజు. నా పేజీ తెరిచి చూసి, చేతిలో పెన్ను కింద పెట్టాడు. చిన్నవాడు, క్యూబాలో తల్లిని వదిలి వచ్చాడు. "ఇంకోసారి నెత్తురు తీసి చూద్దామా?" అన్నాడు. "తర్వాత," అన్నాను. ఇంకేమీ అడగలేదు. మందులకి సంతకం పెట్టి, వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ జాలి దొంగతనంగా తీసుకున్నట్టుంది.

జూన్ 15, ఆదివారం

కొండెక్కి సీసా ఫిల్‌బర్ట్ చేతికిచ్చాను. చీటీ చదివాడు.

"ఇది నీ పేరు."

"చదవడం ఇంకా మర్చిపోలేదన్నమాట."

"ఆంథియా, నీకు పిచ్చిగానీ పట్టిందా? రేపు ఎవరైనా చూస్తే?"

"చూడనీ. ముందు మింగు. మంచినీళ్ళేవీ?"

సీసా విసిరేస్తాడనుకున్నాను. చాలాసేపు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత మింగాడు. అప్పుడు ఒక మాట అన్నాడు. అది ఇక్కడ రాయను.

జూన్ 30, సోమవారం

నెలాఖరు మందుల లెక్క మెర్లిన్ దగ్గరున్న ప్రింటర్లోంచే వస్తుందన్న సంగతి నాకు తట్టనే లేదు. నా పేరున్న కాగితం మడిచి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. కళ్ళు వాచి ఉన్నాయి. "సిస్టర్, మీకెలా..." అని ఆగిపోయింది. నేనేమీ చెప్పలేదు. చెప్తే ఫిల్‌బర్ట్ సంగతి చెప్పాలి.

ఆదివారాలు గంజి క్యారేజీ పట్టుకుని నేను కొండెక్కడం ఊరంతా చూస్తూనే ఉంది. రెండూ రెండూ కలుపుకోవడం ఎవరికి రాదు?

జులై 9, బుధవారం

కొట్లో చిల్లర బల్ల మీద పెట్టింది పెద్దమ్మ. తను చెప్పలేదని మెర్లిన్ నా దగ్గర ఒట్టేసింది. నమ్మాను.

జులై 13, ఆదివారం

ఫిల్‌బర్ట్ కాస్త తేరుకున్నాడు. చెంపల్లోకి నెత్తురొచ్చింది. దగ్గు తగ్గింది.

జులై 16, బుధవారం

దగ్గు తగ్గింది అని ఎందుకు రాశానో తెలీదు. తగ్గలేదు.

జులై 23, బుధవారం

నిన్న వానలో వెళ్ళాను. ఫిల్‌బర్ట్ ఒళ్ళు కాలిపోతోంది, ఊపిరి పైపైనే. నన్ను చూసి ఎవరు అన్నాడు. పరుగెత్తుకుంటూ దిగి బ్యాండు వాళ్ళ ఇళ్ళ ముందు నిలబడి అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు. వచ్చారు. డ్రమ్ము వాయించే హెస్రన్, వెదురు గొట్టం బూంబూం ఊదే ముసలి కానిస్. కుర్చీకి కర్రలు కట్టి మోసుకుని దిగారు. ఒక్కడు చేతికి గుడ్డ చుట్టుకోబోయాడు. హెస్రన్ వాడి వైపు చూశాడు, వాడు గుడ్డ పారేశాడు.

మెర్లిన్ వాళ్ళాయన పికప్ తెచ్చాడు. రోసో దాకా వెనకాల ఫిల్‌బర్ట్ తల మెర్లిన్ ఒళ్ళోనే. అతని నోటి నుంచి కారితే తన స్కార్ఫ్‌తో తుడిచింది.

జులై 24, గురువారం

పెద్దాసుపత్రి. కుర్ర డాక్టరు పేరు కొట్టగానే ఫిల్‌బర్ట్ జాతకమంతా వచ్చేసింది. "మీరేనా ఎక్కించింది సిస్టర్? ఇంత వివరంగా ఏ ఊరి నుంచీ రాదు. కాగితాలైతే ఇదంతా వెతికేసరికి మనిషి పోయేవాడు," అన్నాడు. మెచ్చుకున్నాడు నన్ను.

తర్వాత నొసలు ముడిచాడు. "మార్చి నుంచి మాత్రలే లేవే."

"జూన్ నుంచి తీసుకుంటున్నాడు."

"ఇక్కడ లేదు సిస్టర్."

"ఇంకో పేజీలో ఉంది," అన్నాను. "ఆంథియా డారూ అని కొట్టండి."

కొట్టాడు. చదివాడు. నా వైపు చూశాడు. ఫిల్‌బర్ట్ తమ్ముడి కోడలు, ఆ చీటీలు రాసే పిల్ల ఉందేమో అని నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరూ లేరు. మందు మార్చడానికి కావలసింది రాసుకుని, "మీ పేజీ మీరు సరిచేయించుకోండి. నేను చెప్పకూడదు, కానీ తొందరగా చేయించుకోండి," అన్నాడు. మంచివాడు.

జులై 29, మంగళవారం

తెలివిలోకి వచ్చాడు. ముక్కుకి గొట్టం. "నర్సమ్మగారూ," అన్నాడు, గదిలో మేమిద్దరమే ఉన్నా. నేను పాత ఆంథియానే అని చెప్పబోయాను. నిద్రపోయాడు.

ఆగస్టు 2, శనివారం

ఫిల్‌బర్ట్ పోయాడు.

ఆగస్టు 6, బుధవారం

చర్చిలో ఫాదర్ న్యుమోనియా అన్నారు. అందరూ తలూపారు. ఊరు ఊరంతా వచ్చింది. చిల్లర బల్ల మీద పెట్టినావిడ అందరికంటే పెద్ద పూలగుత్తి తెచ్చింది. మార్చిలో నేను కొండెక్కి ఉంటే. ఏప్రిల్లో ఎక్కినా. ఈస్టర్ నాడు కిటికీ ముందు నిలబడి, పండగ పూట బొగ్గులేమిటో అనుకున్నాను.

ఎవరిదో తెలిసే అనుకున్నాను.

ఆగస్టు 21, గురువారం

పచ్చ బీరువా వాళ్ళు ఎవరూ లేరు. వచ్చినవాళ్ళందరూ బీపీ వాళ్ళే, నిజం బీపీ వాళ్ళు. అందులో కూడా కొందరు మెర్లిన్ చేత చూపించుకుంటామంటున్నారు. మెర్లిన్ వాళ్ళని నా గదికే పంపిస్తోంది. వెళ్ళకపోతే ఇంటికి పొండి అంటోంది.

నా పేజీ సరిచేయించుకోవాలి. మనిషిని తీసేయరు గానీ తప్పు ఫలితం దిద్దుతారు, రోసోకి ఒక ఫోన్ చేస్తే చాలు.

సెప్టెంబరు 8, సోమవారం

పొద్దున్న తలుపు తీసేసరికి మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. మా ఊరు కాదు. రెండు బస్సులు మారి వచ్చిందట. ముప్పై ఉంటాయేమో. పేరు ఇస్మే అంది, అది నిజం పేరు కాదని నాకు తెలిసిపోయింది.

లోపలికి తీసుకొచ్చి తలుపేశాను. కూర్చోమంటే కూర్చోలేదు. కంప్యూటర్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. తనకి హెచ్ఐవి ఉందని రెండేళ్ళ కిందటే తెలిసిందట, కడుపులో బిడ్డ ఉన్నప్పుడు. ఎక్కడికీ వెళ్ళలేదు, ఎవరికీ చెప్పలేదు.

"మరి ఇవాళెందుకు వచ్చావమ్మా?"

"బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నాను." తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నర్సమ్మా, మీక్కూడా ఉందటగా?"

బయట మెర్లిన్ ఊడుస్తోంది. చీపురు చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది, వరండా ఆ చివరకి వెళ్ళిపోయింది.

"ఉంది," అన్నాను.

అప్పుడు కూర్చుంది. కూర్చుని, ఒళ్ళో చేతుల వైపు చూసుకుంటూ అడిగింది, "ఆ మాత్రలు మింగితే ఎలా ఉంటుంది?"

"మొదట్లో కడుపులో తిప్పుతుంది," అన్నాను. "తర్వాత అలవాటైపోతుంది."